మీకు తెలుసా? ర్యాప్ ఆల్బమ్‌లో అమ్మానాన్నల గొంతులు

అమెరికా ర్యాపర్ కెండ్రిక్ లమార్ రెండో స్టూడియో ఆల్బమ్ ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’ 2012 అక్టోబరు 22న విడుదలైంది. మొదటి ఆల్బమ్ ‘సెక్షన్ 80’ చిన్న సంస్థ నుంచి వస్తే, దీని వెనక పెద్ద కంపెనీలతో పాటు పేరున్న ర్యాపర్, నిర్మాత డాక్టర్ డ్రే కూడా ఉన్నారు. అయినా కథ మాత్రం కెండ్రిక్ పెరిగిన కాంప్టన్ వీధులదే. కవరు మీదే ‘కెండ్రిక్ లమార్ షార్ట్ ఫిల్మ్’ అని రాసుకున్నారు.

ఈ కథలో అమ్మ వ్యాన్ తీసుకుని బయటికెళ్లిన కుర్రాడు ముఠాల గొడవల్లో చిక్కుకుంటాడు. పాటల మధ్య ఫోన్‌లో వాయిస్ మెయిల్ వినిపిస్తుంది: వ్యాన్ ఎప్పుడు తెస్తావురా అని అమ్మ, మధ్యలో తన డామినోల ఆట గోలతో నాన్న! ఆ గొంతులు కెండ్రిక్ సొంత తల్లిదండ్రులవే. ఆల్బమ్‌లో అన్నిటికన్నా మనసుకు హత్తుకునేది ఇదే. ఎంత భయంకరమైన వీధి అయినా, కొడుకు కోసం ఎదురుచూసే ఇల్లొకటి ఉందని అది గుర్తు చేస్తూనే ఉంటుంది.

కవరు ఫొటోలో పసివాడు కెండ్రికే. చుట్టూ ఉన్న పెద్దల కళ్లకు నల్ల పట్టీలు, వాడి కళ్లకు మాత్రం లేదు.

అమ్మకాల్లో తొలి వారం రెండో స్థానమే దక్కింది. కానీ అమెరికా ఆల్బమ్‌ల ‘బిల్‌బోర్డ్ 200’ జాబితాలో పదేళ్లకు పైగా నిలిచింది.