సొరబుర్ర పలుకుతుంది, మీ ఇంట్లో సీసా కూడా పలుకుతుంది



"సంగీతం నేర్చుకోవాలంటే ముందు వాయిద్యం కొనాలి, అంత డబ్బు ఎక్కడ?" అని చాలామంది అంటుంటారు. చేతికందిన వస్తువులతోనే వాయిద్యం చేసుకున్నవాళ్లు మన తెలుగువాళ్లలో ఉన్నారు.

'భీమ్లా నాయక్' సినిమా పాట మొదట్లో వినిపించే గొంతు గుర్తుందా? అది తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యగారిది. ఆయన పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు.

కిన్నెరలో ఏముంటాయి? వెదురు బొంగు, ఎండిన సొరబుర్రలు, తీగలు, తేనెమైనం. తీగ సన్నది కాబట్టి ఒట్టి తీగను మీటితే పక్కవాళ్లకు కూడా సరిగా వినపడదు. దాని అదురు బొంగు మీదుగా బుర్రకు చేరుతుంది. బుర్రా, దాని లోపలి గాలీ కలిసి అదిరితే శబ్దం పెద్దదవుతుంది. పచ్చికాయ ఇందుకు పనికిరాదు, పెంకు గట్టిపడేదాకా ఎండాలి. బొంగు మీద మెట్లను మైనంతో అతికిస్తారు. మెట్టు దగ్గర వేలితో నొక్కితే పలికే తీగ పొడవు తగ్గి స్వరం పైకి పోతుంది.

పండుగ సాయన్న వంటి వీరుల కథలను ఈ కిన్నెర మీదే పాడతారు. దీన్ని చెయ్యడం, వాయించడం తెలిసినవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. నేర్చుకునే పిల్లలు లేకపోతే వాయిద్యంతోపాటు కథలూ పోతాయి.

ఇంట్లో చేసి చూడండి

1. ఒకే రకం గాజు సీసాలు నాలుగు తీసుకోండి. పగుళ్లున్నవి వద్దు. చిన్నపిల్లల పక్కన పెద్దవాళ్లు ఉండాలి.
2. ఒకదాంట్లో కొంచెం, తర్వాతిదాంట్లో ఇంకొంచెం, అలా నీళ్లు పెంచుతూ పోయండి.
3. చెక్క చెంచాతో మెల్లగా కొట్టండి. నీళ్లు ఎక్కువయ్యేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది.
4. ఇప్పుడు సీసా మూతి అంచు మీదుగా ఊదండి. అంతా తలకిందులు! నీళ్లు ఎక్కువున్న సీసాకే స్వరం పైకి పోతుంది.

ఎందుకిలా? కొట్టినప్పుడు గాజూ నీళ్లూ కలిసి అదురుతాయి. బరువు పెరిగితే అదురు నిదానిస్తుంది. ఊదినప్పుడు అదిరేది లోపలి గాలి. గాలికి చోటు తగ్గితే అదురు వేగమవుతుంది. పింగాణి గిన్నెల్లో నీళ్లు పోసి వాయించే జలతరంగం కూడా మూడో మెట్టులో చూసిన సూత్రంతోనే పలుకుతుంది.

పిల్లలూ, మీరు గమనించింది తెలుగులో నాలుగు వాక్యాలు రాసి మీ తరగతి టీచరుకు చూపించండి. అవ్వనో తాతనో అడిగి, చిన్నప్పుడు వాళ్లు బొప్పాయి కాడతో, తాటాకుతో బూరలు ఎలా చేసుకున్నారో కూడా రాయండి.