పెట్టెలో దాచిన విద్యుత్తు: చౌక ధర, చాటు ప్రమాదం

విద్యుత్తు లేకుండా ఒక్క గంట గడవడం కూడా కష్టమైన కాలమిది. వేసవిలో ఈదురుగాలికి స్తంభం ఒరిగినా, వర్షాకాలంలో తీగ తెగినా, పరీక్షకు చదువుకొనే విద్యార్థి మొదలుకొని ఇంట్లో మోటారు మిషనుపై కుట్టుపని చేసి సంసారాన్ని నెట్టుకొచ్చే ఇల్లాలి వరకు అందరి పనీ ఆగిపోతుంది. ఈ ఇబ్బందికి విరుగుడుగా ఇటీవల బజారులో దొరుకుతున్న సాధనం 'పోర్టబుల్ పవర్ స్టేషన్'. పేరు పెద్దదైనా వస్తువు చిన్నది. చేతిపిడి గల ఒక పెట్టె. ముందువైపు ప్లగ్గులు పెట్టుకొనే రంధ్రాలు, అంకెలు చూపే చిన్న తెర. కరెంటు ఉన్నప్పుడు దానిని నింపుకొని, లేనప్పుడు వాడుకొంటాము. మంచిది కొంటే ఇది నమ్మకమైన సేవకుడు. నాసిరకానిది కొంటే మాత్రం నిద్రించే గదిలో నిప్పును మూటగట్టి పెట్టుకొన్నట్లే.

ఇది కేవలం పుస్తకాలు చూచి చెబుతున్న మాట కాదు. గత విద్యాసంవత్సరంలో మన వసతిగృహ విద్యార్థులు కొందరు తలా కొంత వేసుకొని ఒక చౌక పెట్టెను తెప్పించుకొన్నారు. నెల తిరగకముందే వేడికి దాని ప్లాస్టిక్కు ఒక ప్రక్క వంకర తిరిగింది. అయినా రాత్రివేళ మంచం మీదనే, పరుపునకు ఆనించి దానిని ఛార్జింగు చేస్తూ వచ్చారు. నేను మందలించగా ఒక విద్యార్థి, "కొంచెం వేడెక్కితే ఏమవుతుంది సార్? ఫోను వేడెక్కడం లేదా?" అని అమాయకంగా అడిగాడు. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు అప్పుడు సరైన సమాధానం తోచలేదు. భౌతికశాస్త్ర శాఖలోని సహోద్యోగిని ఆశ్రయించాను. ఆయన సమక్షంలో అనుభవం గల ఒక మెకానిక్కు ఆరుబయట ఆ పెట్టెను విప్పాడు. అప్పుడు మేము చూచినదీ, తరువాత నేను తెలుసుకొన్నదీ ఇక్కడ విన్నవిస్తున్నాను. ఆ విద్యార్థి ప్రశ్నకు ఇది ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

పెట్టెలో ఏమున్నది?

ప్రతి పవర్ స్టేషనులోనూ నాలుగు ముఖ్య భాగాలుంటాయి. మొదటిది విద్యుత్తును నిలువ చేసే లిథియం అయాన్ ఘటాలు, అనగా మనం సెల్లులనేవి. రెండవది వాటిని కనిపెట్టి ఉండే రక్షణ వలయం, దీనినే బి.ఎం.ఎస్. అంటారు. మూడవది, ఘటాలలోని ఏకముఖ ప్రవాహాన్ని మన ఇంటి పరికరాలకు తగిన 230 వోల్టుల ఏకాంతర ప్రవాహంగా మార్చే ఇన్వర్టరు. నాలుగవది వీటన్నిటినీ కలిపే తీగలు, ఫ్యూజు, చల్లబరచే ఫ్యాను, పైనున్న కవచం.

లిథియం అయాన్ ఘటం ఈ యుగపు గొప్ప ఆవిష్కరణలలో ఒకటి. 1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ దీనిని మొదటిసారి విపణిలోకి తెచ్చింది. దీనికి పునాది వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యొషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తక్కువ బరువులో ఎక్కువ శక్తిని దాచడం ఈ ఘటం సుగుణం. అయితే ఆ సుగుణంలోనే ప్రమాదమూ దాగియున్నది.

ఘటంలో ధనధ్రువానికీ ఋణధ్రువానికీ మధ్య వెంట్రుక కంటె పలుచనైన ఒక ప్లాస్టిక్ పొర మాత్రమే అడ్డుగోడ. ఆ పొరను తడుపుతూ ఉండే ద్రావణం మండే స్వభావం గలది. అతిగా ఛార్జి చేయడం వల్లనో, దెబ్బ తగలడం వల్లనో, లోపలి మలినం వల్లనో ఆ పొర చెడితే రెండు ధ్రువాలూ కలిసి వేడి పుడుతుంది. ఆ వేడి లోపలి రసాయన చర్యలను రేపుతుంది. ఆ చర్యలు మరింత వేడిని పుట్టిస్తాయి. ఒక హద్దు దాటిన తరువాత ప్లగ్గు పీకివేసినా అది ఆగదు. ఒక ఘటం నుండి ప్రక్క ఘటానికి మంట ప్రాకుతుంది. వెలువడే పొగలో విషవాయువులుంటాయి. ఫోను వేడెక్కడానికీ దీనికీ గల భేదమిదే: ఫోనులో సాధారణంగా ఒక చిన్న ఘటం ఉంటే, ఇందులో అనేక ఘటాలు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి.

రెండు రకాల ఘటాలు

బజారులోని పెట్టెలలో ప్రధానంగా రెండు జాతుల ఘటాలు కనిపిస్తాయి. ఒకటి నికెల్, మాంగనీస్, కోబాల్టు కలిసిన ఎన్.ఎం.సి. రకం. ఇది తేలిక, సాధారణంగా 500 నుండి 1000 సార్లు నింపి వాడుకొనేంత ఆయుర్దాయం గలది. రెండవది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. దీని ధనధ్రువ పదార్థాన్ని 1997లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గుడెనఫ్ బృందం ప్రకటించింది. ఇది బరువు ఎక్కువ, కాని 2000 సార్లకు పైగా నింపినా మన్నుతుంది. ఇందులోని ఫాస్ఫేట్ బంధం దృఢమైనది గనుక వేడికి ఆక్సిజన్‌ను సులభంగా విడువదు. అందువల్ల ఇది అదుపు తప్పడానికి ఎక్కువ వేడి కావాలి. తప్పినా ఉద్ధృతి తక్కువ. అసలే ప్రమాదం లేదని దీని అర్థం కాదు. గదిలో ఒక మూల ఉంచి వాడుకొనే పెట్టెకు బరువు పెద్ద దోషం కాదు గనుక, ఇంటికైనా వసతిగృహానికైనా ఈ రెండవ రకమే మేలు.

అంకెల ఆడంబరం

మా ముందున్న పెట్టెపై '80,000 ఎం.ఎ.హెచ్.' అని పెద్ద అక్షరాలతో ఉన్నది. సంఖ్య చూచి మా విద్యార్థులు మురిసిపోయారు. కాని శక్తిని కొలిచేది ఆ సంఖ్య ఒక్కటే కాదు. దానిని వోల్టులతో గుణించాలి. ఎన్.ఎం.సి. ఘటం వోల్టేజి సుమారు 3.6. 80 ఆంపియర్-గంటలను 3.6తో గుణిస్తే 288 వాట్-గంటలు. మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్ అంటే 1000 వాట్-గంటలు. అనగా ఎనభై వేలని చాటుకొన్న ఆ పెట్టెలో, చెప్పినది నిజమే అయినా, ఉండవలసినది పావు యూనిట్ కంటె కొంచెం ఎక్కువ మాత్రమే. ఇన్వర్టరులో కొంత నష్టం పోగా చేతికందేది దాదాపు 245 వాట్-గంటలు. 75 వాట్ల ఫ్యాను దానితో మూడు గంటల పైచిలుకు తిరుగుతుంది.

చెప్పినది నిజమేనా? ఆ పెట్టెలో వాడినవి 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు గల గుండ్రని ఘటాలు. ఈ కొలత గల మేలురకం ఘటంలో సుమారు 12 వాట్-గంటలు పడతాయి. 288 కావాలంటే 24 ఘటాలుండాలి. మేము లెక్కించగా ఉన్నవి 12. తక్కిన చోటంతా శూన్యం. పైన పటారం, లోన లొటారం అన్న సామెత మా కళ్ల ముందు నిలిచింది.

కాపలాదారు లేని కొట్టు

మోసం అంకెలతో ఆగియుంటే నష్టం డబ్బుతో పోయేది. అసలు ప్రమాదం రక్షణ వలయంలో కనిపించింది. దాని బాధ్యత ఏమిటో ఒక చిన్న లెక్కతో చెబుతాను. నాలుగు ఫాస్ఫేట్ ఘటాలను వరుసగా కలిపారనుకొందాం. ఒక్కొక్కటి 3.65 వోల్టులు దాటరాదు. మొత్తం 14.4 వోల్టులు చూపుతున్నది గనుక తలకు 3.6 చొప్పున అంతా క్షేమమని అనిపిస్తుంది. కాని మూడు ఘటాలు 3.5 వద్ద ఉండి, నాలుగవది 3.9కి చేరినా మొత్తం 14.4 వోల్టులే. మొత్తాన్ని మాత్రమే చూచే వలయానికి ఈ తేడా తెలియదు. హద్దు దాటిన ఘటం చెడిపోతూనే ఉంటుంది. మంచి వలయం ప్రతి ఘటాన్నీ విడివిడిగా చూస్తుంది, హెచ్చుతగ్గులు సరిచేస్తుంది, ఉష్ణోగ్రతను కొలుస్తుంది, హద్దు దాటితే ప్రవాహాన్ని తెంచుతుంది.

మేము చూచిన పెట్టెలో ఉష్ణోగ్రతను కొలిచే పరికరానికి వలయంపై చోటున్నది, పరికరం లేదు. ఫ్యూజు ఉండవలసిన చోట సీసపు టంకం పోసి రెండు కొసలనూ కలిపేశారు. ఘటాల తొడుగులు రెండు మూడు రంగులలో ఉన్నవి. అనగా వేర్వేరు చోట్ల నుండి, బహుశా పాత బ్యాటరీల నుండి తీసినవి. సరైన పద్ధతిలో పట్టీలను క్షణకాలపు వెల్డింగుతో ఘటానికి అతికిస్తారు. ఇక్కడ నేరుగా టంకం పెట్టి, అతికేటప్పుడే ఘటాన్ని కాల్చారు. ఇవన్నీ పొదుపు చర్యలే. తెర, రంగు, చేతిపిడి కొనేవాని కంటికి కనిపిస్తాయి గనుక వాటిలో తగ్గించలేదు. కనిపించని చోట్లనే తగ్గించారు. చౌక అనే మాటకు అసలు అర్థం ఆనాడు నాకు బోధపడింది.

కొనే ముందు చూడవలసినవి

పెట్టెను మీరు స్వయంగా విప్పరాదు. ఆపివేసిన తరువాత కూడా లోపల ప్రమాదకరమైన వోల్టేజి నిలిచియుండగలదు. విప్పకుండానే తెలుసుకొనే మార్గాలున్నవి.

శక్తిని వాట్-గంటలలో వ్రాయని పెట్టెను కొనవద్దు. ఘటం ఏ రకమో వ్రాసియుండాలి. లిథియం బ్యాటరీలకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 16046. ఆ గుర్తుతోపాటు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి; దానిని ఫోనులో 'బి.ఐ.ఎస్. కేర్' ద్వారా సరిచూసుకోవచ్చును. అమెరికాలో ఇటువంటి పెట్టెలకు యు.ఎల్. 2743 అనే ప్రమాణమున్నది. యు.ఎన్. 38.3 అనే పరీక్ష రవాణాలో క్షేమానికి సంబంధించినది; అది ఒక్కటే చాలదు.

కిరాణా కొట్టు త్రాసు కూడా మంచి పరీక్షకుడే. 288 వాట్-గంటల ఫాస్ఫేట్ ఘటాలే దాదాపు 2 కిలోలు తూగుతాయి. మొత్తం పెట్టె కిలోన్నర తూగితే ఆ మాట అబద్ధం. కొన్న తరువాత నిండుగా ఛార్జి చేసి, పాతకాలపు 60 వాట్ల బల్బును వెలిగించి గడియారం చూడండి. 288 అని చెప్పిన పెట్టె దాదాపు నాలుగు గంటలు వెలిగించాలి. మూడు గంటలు కూడా వెలిగించకపోతే వెంటనే తిరిగి ఇచ్చివేయడం మంచిది.

ఇన్వర్టరు 'ప్యూర్ సైన్ వేవ్' రకమై ఉండాలి. చౌక రకానికి ఫ్యాను గుర్రుమంటుంది, మోటారు వేడెక్కుతుంది. విదేశాలలోని బంధువుల చేత తెప్పించుకొనేవారు రెండు విషయాలు గమనించాలి. అమెరికా పెట్టెలు 120 వోల్టులు ఇచ్చేవి. మన పరికరాలకు పనికిరావు. పైగా ప్రయాణికుల విమానంలో 100 వాట్-గంటల లోపు బ్యాటరీకే సాధారణ అనుమతి. 160 వరకు విమాన సంస్థ ఒప్పుకోవాలి. అంతకు మించితే ప్రయాణికుడు వెంట తేవడానికి వీలులేదు.

వాడుకలో జాగ్రత్త

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒక ఇంట్లో ఛార్జింగులో ఉన్న విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూము గల భవనంలో మంటలు లేచి, పైఅంతస్తుల లాడ్జిలో 8 మంది ప్రాణాలు కోల్పోయారు. స్కూటరు బ్యాటరీలు వీటికంటె పెద్దవే. కాని జాతి ఒక్కటే.

కావున పెట్టెను పరుపు మీద, మెట్ల క్రింద, గది ద్వారం వద్ద ఉంచరాదు. మంట లేస్తే బయటపడే దారి మూసుకుపోతుంది. గచ్చు మీద, గాలి ఆడే చోట ఉంచి, మేల్కొని ఉన్నప్పుడే ఛార్జి చేయాలి. ఇటువంటి ఘటాలలో పెక్కింటిని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయరాదు. మన వేసవి మధ్యాహ్నం ఆ హద్దును తాకుతుంది. వాడనప్పుడు సగం నింపి చల్లని చోట దాచాలి. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే హీటరు దీనికి తగిలించరాదు. దీని నుండి తీగ లాగి ఇంటి గోడ సాకెట్టులోకి విద్యుత్తును పంపడం మరీ ఘోరం. బయట తీగ బాగుచేస్తున్న లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. పొగ కనిపిస్తే సామాను కోసం చూడక అందరినీ బయటికి పంపి, 101కి గాని 112కి గాని ఫోను చేయాలి. చెడిన పెట్టెను చెత్తకుప్పలో వేయరాదు; 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులది.

కమిటీ పెద్దలకు ఒక మనవి

మన కళాశాల గ్రంథాలయానికీ, వసతిగృహానికీ ఇటువంటి పెట్టెలు కొనే ఆలోచన ఉన్నదని విన్నాను. సంతోషం. మూడు కొటేషన్లు పిలిచి తక్కువ ధరకు ఒప్పుకోవడం మన ఆచారం. బల్లలకూ సుద్దముక్కలకూ ఆ ఆచారం సరిపోతుంది. దీనికి సరిపోదు. ముందుగా ఘటం రకం, వాట్-గంటలు, భారతీయ ప్రమాణపు నమోదు సంఖ్య, హామీ కాలం వ్రాసి, ఆ షరతులకు లోబడిన కొటేషన్లలోనే తక్కువ ధరను ఎంచవలసినదిగా ప్రార్థిస్తున్నాను. డబ్బు చాలకపోతే నాణ్యత తగ్గించక పరిమాణం తగ్గిద్దాం. నమ్మదగిన చిన్న పెట్టెతో నాలుగు దీపాలు వెలిగితే చాలును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని లాభమేమి?

విద్యార్థులారా! వంకర తిరిగిన ఆ పెట్టె వల్ల ఎవరికీ హాని కలుగలేదు. అది మన తెలివి కాదు, అదృష్టం. తల్లిదండ్రులు మిమ్ములను మా చేతిలో పెట్టి వెళ్లినది చదువు కోసం. మీరు క్షేమంగా ఇల్లు చేరినప్పుడే ఆ చదువునకు సార్థకత.