వంశవృక్షంలో రాయలేని పేరు

గత ఆదివారం పెదపారుపూడిలో గ్రంథాలయం బల్లల చుట్టూ డిగ్రీ విద్యార్థులతో కూర్చున్నాను. ఎవరి వంశవృక్షం వారు గీయాలన్నది ఆ రోజు పని.

భూమి ఉన్న ఇళ్ల పిల్లలు గంటలో ముగించారు. పాత దస్తావేజులు, పట్టా నకళ్లు, అచ్చు వేయించుకున్న వంశచరిత్రలు ఇంటినుంచే తెచ్చుకున్నారు. ఒకరు ఏడు తరాలు గీశారు. దళితవాడ పిల్లలు తాత పేరు దగ్గరే ఆగిపోయారు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఈ మాగాణికి శిస్తు కట్టినవారి పేర్లు దస్త్రాల్లోకెక్కాయి. నాట్లు వేసినవారి పేర్లతో ఆ దస్త్రాలకు పనిలేదు. 1931 జనగణన సైతం కులాలవారీగా అంకెలే చెప్పింది, మనుషుల పేర్లు చెప్పలేదు.

ఒక అమ్మాయి దగ్గర మాత్రం ముత్తాత బాప్తిస్మ పత్రం ఉంది. 1841లో నోబుల్, ఫాక్స్ మచిలీపట్నం చేరి మిషన్ పని మొదలుపెట్టిన ప్రాంతమిది. ఆమె ఆ కాగితం చూపించి, వెంటనే సంచిలో పెట్టుకుంది. "ఇది రాయాలా సార్? నా కుల ధ్రువపత్రానికి ఏమైనా అవుతుందేమో" అంది.

ఆ భయానికి చట్టంలో మూలముంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డ్ కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితులు బీసీ-సీ కిందికి వస్తారు. వాడ మారలేదు, కూలి మారలేదు, అంటరానితనం పోలేదు. కాగితంలో మాత్రం కులం మారింది. ముత్తాత బాప్తిస్మం ఈ అమ్మాయి హోదాను మారుస్తుందా అన్నది న్యాయవాదులు తేల్చవలసిన మాట. ముత్తాత పేరు చెప్పడానికి ఒక విద్యార్థిని జంకవలసి రావడం మనందరం ఆలోచించవలసిన మాట.

గుడివాడ ప్రాంతంవాడే అయిన కవి శివసాగర్ కుటుంబ చరిత్రను ఆయన మేనకోడలు సుజాత గిడ్ల 2017లో పుస్తకంగా తెచ్చారు. ఆ క్రైస్తవ దళిత కుటుంబానికి పట్టాలు ఆధారం కాలేదు. తల్లీ, మేనమామా చెప్పిన జ్ఞాపకాలే ఆధారమయ్యాయి. మన గ్రంథాలయాలు చేయవలసిన పని అక్కడే ఉంది. వాడల్లోని వృద్ధుల మాటలను, వారు బతికుండగానే, రికార్డు చేసి భద్రపరచాలి.

ఆ అమ్మాయిని రాయమని నేను ఒత్తిడి చేయలేదు. ఆమె చదువుకు పూచీ పడగల శక్తి నాకు లేదు. మతంతో నిమిత్తం లేకుండా దళితుణ్ని దళితుడిగా గుర్తించే రోజున ఆమే ఆ పేరు రాసుకుంటుంది. అందుకు ముందు ఆ మూడో పేరా పోవాలి.