బొజ్జన్నకొండకు చిన్నారి మార్గదర్శులు

అనకాపల్లి పేరు చెప్పగానే ఎవరికైనా బెల్లం జ్ఞాపకం వస్తుంది. దాని పొరుగునే ఉన్న శంకరం గ్రామం పేరు చెబితే మాత్రం చాలామంది "అదెక్కడండీ?" అని అడుగుతారు. ఒకప్పుడు బౌద్ధ భిక్షువులతో కళకళలాడిన చోటు అది. సంఘారామం అన్న మాటే జనం నోట శంకరం అయిందంటారు.

అక్కడ రెండు చిన్న కొండలున్నాయి. తూర్పున ఉన్నది బొజ్జన్నకొండ, పడమట ఉన్నది లింగాలకొండ. 1907-08లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి ఇక్కడ త్రవ్వకాలు జరిపించాడు. సముద్రగుప్తుని బంగారు నాణెం కూడా ఆ త్రవ్వకాలలో దొరికింది. లింగాలకొండ మీద వరుసలు వరుసలుగా తొలిచిన స్తూపాలు జనానికి శివలింగాలుగా తోచాయి. ఆ కొండకు పేరు అలా వచ్చిందే.

పేరు మారితే నష్టం లేదు. అర్థం మరచిపోవడంతోనే చిక్కు వచ్చిపడింది. బొజ్జన్నకొండ మీద బొజ్జ ఆకారంలో కనిపించే ఒక కట్టడపు భాగాన్ని రాక్షసుడని నమ్మి, చుట్టుపక్కలవారు ఏటేటా కనుమనాడు రాళ్ళతో కొట్టేవారు. వారసత్వ సంపదను కాపాడాలనుకునేవారు పూనుకొని ఆ ఆచారాన్ని మాన్పించారు. అయితే చెయ్యి ఆపినంత మాత్రాన మనసులోని నమ్మకం పోతుందా?

ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది పెద్దల వద్ద కాదు, పిల్లల వద్ద. నిరుడు చలికాలంలో నేను ఆ కొండకు వెళ్ళినప్పుడు మెట్ల దగ్గర అయిదారుగురు హైస్కూలు విద్యార్థులు ఎదురయ్యారు. తమ ప్రాంతపు చరిత్రను యాత్రికులకు పరిచయం చెయ్యడమే వారి ప్రాజెక్టు.

"కొండ చూపిస్తాం రండి, మేస్టారూ! డబ్బులేం వద్దు" అన్నది ఒక అమ్మాయి.

వారి చేతిలో స్వయంగా గీసుకున్న పటం ఉంది. క్రింది గుహలో పదహారు స్తంభాలను లెక్కపెట్టించి, నడుమనున్న స్తూపం ముందు నన్ను నిలబెట్టారు. "దీన్ని ఎక్కడినుంచో తెచ్చి పెట్టలేదండి. చుట్టూ రాయిని తొలిచేస్తే ఇది మిగిలింది" అన్నాడు ఒక కుర్రవాడు. ఇంత తేలికమాటలలో ఏకశిలా స్తూపాన్ని నాకింతవరకు ఎవరూ వివరించలేదు.

మొట్టమొదట ఏ ఊరివారికి చూపించారని అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, "మా నాయనమ్మకండి! చిన్నప్పుడు ఆవిడా రాళ్ళు వేసిందట. అంతా విని, 'ఇది ఏటన్నది మాకెవులు సెప్పినారే?' అన్నది" అని చెప్పింది.

ఆ ముసలమ్మ మాటలో న్యాయం లేకపోలేదు. పురావస్తుశాఖ రక్షణ ఉంది, చట్టమూ ఉంది. రక్షిత కట్టడాలను పాడుచేసినవారికి రెండేళ్ళదాకా జైలు, లక్షరూపాయలదాకా జరిమానా విధించవచ్చునని 2010లో సవరించిన చట్టం చెబుతున్నది. కాని ఇంటి మనుమరాలు చెప్పిన మాట వెళ్ళే చోటికి చట్టం వెళ్ళలేదు.

ఈనాడు దేశంలోని పాఠశాలలలో యువ టూరిజం క్లబ్బులు వెలుస్తున్నాయి. ఇవన్నీ మార్కులకు అడ్డమని విసుక్కునే తల్లిదండ్రులున్నారు. చదివినదాన్ని కొత్తమనిషికి అర్థమయ్యేట్టు చెప్పడం కూడా చదువే కదా! యాత్రికులు పెరిగితే సోడాబండివానికీ ఆటోవానికీ నాలుగు డబ్బులు వస్తాయి. వారితోపాటు రాళ్ళమీద పేర్లు చెక్కేవారూ వస్తారు. దానికీ ఈ పిల్లలు ఉపాయం ఆలోచించారు. నేను దిగివస్తూంటే ఒక నోటుపుస్తకం, పెన్సిలు నా చేతికిచ్చారు. అట్టమీద ఇలా ఉంది: "మీ పేరు కొండమీద కాదు, ఇందులో వ్రాయండి."

సంతోషంగా వ్రాశాను. మీ ఊళ్ళోనూ పాత గుడో, కోటగోడో, శాసనపు రాయో ఉండే ఉంటుంది. ఈ సెలవులలో మీ పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళండి. వచ్చేవారం వాళ్ళను మీకు చూపించమనండి.