టెక్సాస్‌లో ఇల్లు మారుతున్నారా? కరెంటు ఎవరి దగ్గర, ఎవరి పేరున?

మే నెలాఖరుకు బడులకు సెలవులిచ్చారంటే డాలస్ చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో అట్టపెట్టెలు సర్దే హడావిడి మొదలవుతుంది. అపార్ట్‌మెంట్ నుంచి విడి ఇంటికి కొందరు, మంచి స్కూలు కోసం పక్క ఊరికి కొందరు, వేరే రాష్ట్రం నుంచి ఇక్కడికి కొందరు. ట్రక్కు, మనుషులు, పాలు పొంగించే ముహూర్తం, అన్నీ నెల ముందే చూసుకుంటాం. కరెంటు దగ్గరకొచ్చేసరికి "ఆన్‌లైన్లో ఐదు నిమిషాల పనే కదా" అని ఆఖరి రోజుకు వదిలేస్తాం. నిజంగా ఐదు నిమిషాల పనే. కాకపోతే ఆ ఐదు నిమిషాల్లో ఒప్పుకున్న ప్లాన్‌కి ఏడాదో రెండేళ్లో బిల్లు కట్టాలి.

మా ఇంట్లో ఈ లెక్కలన్నీ నావే. బీఎస్సీలో చదివిన ఫిజిక్స్ ఇప్పుడు ఎక్కువగా కరెంటు బిల్లు దగ్గరే పనికొస్తోంది. కొత్తగా వచ్చినవాళ్లు అడిగినప్పుడల్లా చెప్పే సంగతులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

మన ఊళ్లో ఒకలా, ఇక్కడ ఇంకోలా

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అద్దెకు దిగితే మీటరు ఇంటి ఓనరు పేరునే ఉంటుంది. సర్వీసు నంబరు కొట్టి బిల్లు కట్టేస్తాం. కంపెనీని ఎంచుకునే మాటే లేదు. టెక్సాస్‌లో ఎక్కువ ప్రాంతాల్లో 2002 జనవరి నుంచి కరెంటు ఎవరి దగ్గర కొనాలో మనమే ఎంచుకోవాలి. అద్దె ఇల్లయినా ఖాతా మన పేరున తెరవాల్సిందే.

ఇక్కడ ఇద్దరు వేర్వేరు మనుషులున్నారని గుర్తుపెట్టుకోండి. స్తంభాలు, తీగలు, మీటరు ఒకరివి. డాలస్ వైపు ఆంకార్, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్. మనకు ప్లాన్ అమ్మి బిల్లు పంపేది ఇంకొకరు. మనం మార్చగలిగేది ఈ రెండో వాళ్లనే. ఎవరి దగ్గర కొన్నా అదే తీగ, అదే కరెంటు. తక్కువ రేటు కంపెనీ కాబట్టి కరెంటు ఎక్కువగా పోతుందన్న భయం అక్కర్లేదు. కరెంటు పోతే ఫోన్ చేయాల్సింది తీగల కంపెనీకి. బిల్లులో తేడా వస్తే ప్లాన్ అమ్మిన కంపెనీకి.

ముందు అడ్రసు, తర్వాత ప్లాన్

అందరికీ ఎంచుకునే వీలు లేదు. డెంటన్‌లో, గార్లండ్‌లో చాలా భాగం సిటీ వాళ్ల కరెంటే. ఆస్టిన్, శాన్ ఆంటోనియో కూడా అంతే. ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్, ప్రాస్పర్ లాంటి చోట్ల కొన్ని వీధులు కోసర్వ్ అనే సహకార సంఘం కింద, మరికొన్ని ఆంకార్ కింద ఉంటాయి. ఒకే ఊళ్లో ఉన్న స్నేహితురాలి ప్లాన్ మీకు పనికిరాకపోవచ్చు. కాబట్టి లీజు సంతకం పెట్టే రోజే "ఈ ఇంటికి కరెంటు, గ్యాసు, నీళ్లు, చెత్త ఎవరు?" అని నాలుగూ అడిగి రాసుకోండి.

నీళ్లు, చెత్త సాధారణంగా సిటీ కింద ఒకే ఖాతాలో వస్తాయి. సిటీ హద్దు దాటిన కొత్త కాలనీల్లో నీళ్లకు వేరే జిల్లా సంస్థ ఉండొచ్చు. గ్యాసు డాలస్ వైపు ఎక్కువగా ఆట్మాస్. గ్యాసు ఆన్ చేయడానికి వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి, అందుకే ఆ అపాయింట్‌మెంట్ ముందుగా తీసుకోండి. గ్యాసుకు సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అనే గంధకపు పదార్థం కలుపుతారు. 1937లో ఇదే టెక్సాస్‌లోని న్యూ లండన్ బడిలో వాసన లేని గ్యాసు పేరుకుని పేలి, దాదాపు 300 మంది చనిపోయాక ఆ చట్టం తెచ్చారు. కొత్తింట్లో కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి, అప్పుడు ఫోన్ చేయండి.

9 సెంట్ల ప్లాన్ అసలు ధర

ప్లాన్లు పోల్చడానికి రాష్ట్ర ప్రభుత్వ కమిషన్ నడిపే 'పవర్ టు చూజ్' సైటు ఉంది. అక్కడ కనిపించే పెద్ద అంకె, నెలకు సరిగ్గా 1000 యూనిట్లు వాడితే పడే సగటు ధర. మన ఊళ్లో యూనిట్ అనేదే ఇక్కడి కిలోవాట్ అవర్. మన దగ్గర శ్లాబులు కాబట్టి ఎక్కువ వాడేకొద్దీ రేటు పెరుగుతుంది. ఇక్కడి కొన్ని ప్లాన్లలో తక్కువ వాడితేనే దెబ్బ.

ఉదాహరణకు ఒక ప్లాన్‌లో తీగల ఛార్జీతో కలిపి యూనిట్‌కి 19 సెంట్లు, 1000 యూనిట్లు దాటితే 100 డాలర్ల క్రెడిట్ అనుకుందాం. సరిగ్గా 1000 వాడితే 190లోంచి 100 పోయి 90 డాలర్లు. అంటే 9 సెంట్లు, సైటులో పైన కనబడేది ఇదే. 999 వాడితే క్రెడిట్ లేదు, బిల్లు దాదాపు 190.

పక్కనే క్రెడిట్లేమీ లేకుండా ఎంత వాడినా 14 సెంట్ల ప్లాన్ ఉందనుకోండి. ఒక ఇల్లు ఎనిమిది నెలలు 800 చొప్పున, ఏసీ ఆగని నాలుగు నెలలు 1800 చొప్పున వాడితే:

- "9 సెంట్ల" ప్లాన్: ఎనిమిది నెలలు 152 డాలర్లు, నాలుగు నెలలు 242 డాలర్లు. ఏడాదికి 2184.
- 14 సెంట్ల ప్లాన్: ఎనిమిది నెలలు 112 డాలర్లు, నాలుగు నెలలు 252 డాలర్లు. ఏడాదికి 1904.

చవగ్గా కనిపించిన ప్లాన్‌కి 280 డాలర్లు ఎక్కువ! అందుకే ప్రతి ప్లాన్‌కీ ఉండే 'ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్' తెరవండి. అందులో 500, 1000, 2000 యూనిట్లకు సగటు ధరలు పక్కపక్కనే ఇస్తారు. మూడు అంకెలూ దగ్గరగా ఉంటే అది తిన్నని ప్లాన్. మధ్యది ఒక్కటే బాగా తక్కువగా ఉంటే క్రెడిట్ దాగి ఉందన్నమాట.

"రాత్రిళ్లు ఉచితం" ప్లాన్లదీ ఇదే కథ. పగటి రేటు పెంచి రాత్రిది వదిలేస్తారు. భార్యాభర్తలిద్దరూ పగలంతా ఆఫీసులో ఉండే ఇంటికి సరిపడొచ్చు. చంటిపిల్లలున్న ఇంటికి, ఇండియా నుంచి అత్తగారు మామగారు ఆరు నెలలకు వచ్చిన ఇంటికి, ఆగస్టు మధ్యాహ్నం ఏసీ ఆపలేని ఇంటికి సరిపడదు.

రేటు మారిపోయే ప్లాన్ల జోలికి పోకుండా, స్థిర రేటు తీసుకోవడం కుటుంబాలకు మేలు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో హోల్‌సేల్ ధర యూనిట్‌కి 9 డాలర్లకు చేరింది. ఆ ధరతో ముడిపడిన ప్లాన్లు తీసుకున్న ఇళ్లకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఆ ఏడాదే ఇళ్లకు అలాంటి ప్లాన్లు అమ్మకూడదని చట్టం చేశారు. నెలనెలా మారే రేట్లు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

ఖాతా ఎవరి పేరున?

ఇది లెక్కల కంటే ముఖ్యమని నాకనిపిస్తుంది. మన ఇళ్లలో అన్ని ఖాతాలూ భర్త పేరునే తెరుస్తాం. ఒకసారి మావారు హైదరాబాద్ విమానంలో ఉండగా బిల్లు గురించి నేను ఒక కంపెనీకి ఫోన్ చేస్తే, ఖాతాదారుతో తప్ప మాట్లాడమన్నారు. ప్రతినెలా ఆ బిల్లు కట్టేది నేను, ఆ ఇంట్లో రోజంతా ఉండేది నేను. వాళ్ల పుస్తకంలో మాత్రం నేను లేను.

తర్వాత ఇల్లు మారినప్పుడు కరెంటు నా పేరున, నీళ్లు ఆయన పేరున తీసుకున్నాం. రెండింటిలోనూ రెండో మనిషి పేరు చేర్పించాం. హెచ్4 మీద ఉన్న అమ్మాయిలకు ఇది మరీ అవసరం. డ్రైవింగ్ లైసెన్సుకు వెళ్తే చిరునామా రుజువులు అడుగుతారు. ఇటీవలి కరెంటు, నీళ్ల బిల్లు అందులో చెల్లుతుంది. బడిలో పిల్లల్ని చేర్చడానికీ అడుగుతారు. మన పేరున ఒక్క కాగితం కూడా లేకపోతే ప్రతిదానికీ ఆయన సెలవు పెట్టి రావాలి.

సోషల్ సెక్యూరిటీ నంబరు లేక ఆన్‌లైన్ ఫారం ముందుకు కదలకపోతే, కంపెనీకి ఫోన్ చేసి పాస్‌పోర్టు లాంటి వేరే గుర్తింపు తీసుకుంటారేమో అడగండి. ఒకరు కాదంటే ఇంకొకరు ఒప్పుకోవచ్చు. క్రెడిట్ చరిత్ర లేనివాళ్లను డిపాజిట్ అడుగుతారు. పాత ఊళ్లో కరెంటు బిల్లులు 12 నెలలు సరిగ్గా కట్టినట్టు ఆ కంపెనీ నుంచి ఉత్తరం తెచ్చుకుంటే అది తప్పే వీలుంది. డిపాజిట్ లేని ప్రీపెయిడ్ ప్లాన్లున్నాయి కానీ, బ్యాలెన్సు అయిపోతే కరెంటు ఆగిపోతుంది. పిల్లలున్న ఇంట్లో, ఎండాకాలంలో అది చిన్న విషయం కాదు.

తేదీలు రాసుకోండి

- రెండు వారాల ముందు ప్లాన్ ఎంచుకోండి. ఫారంలో 'స్విచ్' కాదు, 'మూవ్ ఇన్' నొక్కాలి. స్విచ్ అయితే మూడు పనిదినాల్లోపు ఉచితంగా రద్దు చేసుకోవచ్చు. మూవ్ ఇన్‌కి ఆ వెసులుబాటు లేదు, కాబట్టి లేబుల్ ముందే చదవండి.
- కొత్తింట్లో కరెంటు సామాన్లు చేరే ముందు రోజుకు, పాతింట్లో తాళాలు ఇచ్చేసిన మర్నాటికి ముగింపు పెట్టుకోండి. శుభ్రం చేసేటప్పుడు లైట్లు ఉండాలి కదా.
- ఒప్పందం మధ్యలో ఇల్లు మారితే రద్దు రుసుము కట్టక్కర్లేదు. "ఇల్లు మారుతున్నాం" అని స్పష్టంగా చెప్పి కొత్త చిరునామా ఇవ్వండి, అడిగితే రుజువూ ఇవ్వండి.
- ఒప్పందం ముగిసే తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. చివరి 14 రోజుల్లో కంపెనీ మారినా రుసుము లేదు. పట్టించుకోకపోతే నెలవారీ రేటులోకి తోసేస్తారు, అది సాధారణంగా ఎక్కువే.

కొత్త కాలనీల్లో తలుపు తట్టి "మీ బిల్లు ఒకసారి చూపించండి" అనేవాళ్లు వస్తారు. బిల్లు మీదున్న ఈఎస్ఐ నంబరే మీ మీటరు గుర్తింపు, అది చేతికిస్తే మీకు తెలియకుండా కంపెనీ మారిపోయే ప్రమాదం ఉంది. "అరగంటలో కరెంటు కట్ చేస్తాం, గిఫ్ట్ కార్డుతో కట్టండి" అనే ఫోన్లు మోసం. పెట్టేసి, మీ బిల్లు మీదున్న నంబరుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

చివరగా, మీరు ఒప్పుకున్న ప్లాన్ లేబుల్‌ను పీడీఎఫ్‌గా దాచుకోండి. మొదటి బిల్లు రాగానే రెండూ పక్కన పెట్టి యూనిట్‌కి ఎంత పడిందో భాగించి చూడండి. తేడా ఉంటే ఆ నెలలోనే అడిగితే సరిపోతుంది.