మనిషే ఒక కుంపటి

కలకత్తా రేవును ఆనుకొని ఉన్న వాట్‌గంజ్ పేటకూ, విద్యుచ్ఛక్తిని కొలిచే వాట్‌కూ ఏ సంబంధమూ లేదు. పద్దెనిమిదవ శతాబ్దం చివర ఖిదిర్‌పూర్‌లో ఓడల రేవు కట్టబూనిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరే జనుల నోట అరిగి అలా మిగిలింది. అయినా అక్కడి ఇరుకు గదుల విషయంలో ఆ పేరు కాకతాళీయంగా సార్థకమైనదే. ఊరక కూర్చున్న మనిషి దేహం సుమారు 100 వాట్ల వేడిని నిరంతరం వెలువరిస్తుంది. పదిమంది చేరిన గదిలో వెయ్యి వాట్ల హీటరు వెలుగుతున్నట్లే లెక్క.

ఈ వేడి కొంత గాలిలో కలుస్తుంది. కొంత గోడలకు ప్రసరిస్తుంది. గది వేడి 35 డిగ్రీలకు చేరి చర్మపు వేడితో సమానమైతే ఈ రెండు దారులూ మూసుకుపోతాయి. ఇక చెమట ఆరడం ఒక్కటే శరణ్యం. గాలిలో తేమ నిండి ఉంటే అదీ ఆరదు.

దీని పరాకాష్ఠ ఆ నగరంలోనే, పాత విలియం కోటలో, 1756 జూన్ 20 రాత్రి కనిపించింది. సుమారు 18 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల చీకటిగదిలో 146 మందిని బంధించగా 23 మందే బ్రతికారని హాల్‌వెల్ వ్రాశాడు. ఆయన లెక్కను చరిత్రకారులు నమ్మరు. 64 మందే ఉండవచ్చునని ఒక అంచనా. ఆ తక్కువ సంఖ్యనే తీసుకున్నా, చిన్న కిటికీలు రెండే ఉన్న ఆ గదిలో 6,400 వాట్ల కుంపటి! మృతులను బలిగొన్నది గాలి కొరత ఒక్కటే కాకపోవచ్చు.

గదిలోని సుఖోష్ణతను గణితంలో బంధించినవాడు డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఫాంగర్. ఆయన గ్రంథం 1970లో వెలువడింది. ఆ సూత్రాలకు ఆధారం ప్రధానంగా అమెరికా, డెన్మార్క్ విద్యార్థులు. దేహంవలె వేడెక్కే, చెమటోడ్చే బొమ్మలు కూడా ప్రయోగశాలలలో ఉన్నాయి. పాపం, ఆ బొమ్మ లేచి కిటికీ తెరవదు, చొక్కా విప్పి విసనకర్ర అందుకోదు.

మనుషులు ఆ పనులన్నీ చేస్తారు. 2008 వేసవిలో ఇంద్రగంటి మాధవి హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో నివాసులనే అడిగి చూశారు. వారికి హాయిగా తోచిన వేడి సుమారు 29 డిగ్రీలు. 32 దాకా కూడా సహించగలిగారు. మన నిర్మాణ నియమావళి అప్పట్లో చెప్పినది 23 నుండి 26! ఆ అంకెలను పట్టుకొని గదులను చల్లబరచాలంటే కరెంటు ఖర్చు ఎంతో ఊహించవచ్చు.

అయితే హైదరాబాదు మే నెల పొడి గాలి వేరు, హుగ్లీ ఒడ్డున ఆషాఢపు ఉక్క వేరు. ఫ్యాను తిరిగినంతసేపు దేహాన్ని అంటుకున్న తడి గాలి పొర చెదిరి చెమట ఆరుతుంది. జల్లు కొడుతుందని కిటికీ మూసి, కరెంటు పోయి ఫ్యాను ఆగిందా, పదిమంది వేడీ, పదిమంది తేమా ఆ నాలుగు గోడల మధ్యనే మిగులుతాయి.