ఊరే బొమ్మల కొలువు

పిల్లలూ, ఇంత పెద్ద ఊరును బొమ్మల కొలువులా చూపించే చమత్కారం ఒకటి ఉంది. అందుకు ఊరిని చిన్నది చేయనక్కరలేదు. ఫోటోలో కొంతభాగం మసక చేస్తే చాలు!

ముందు ఒక చిన్న పరీక్ష. ఒక కన్ను మూసుకుని, రెండో కంటికి జానెడు దూరంలో వేలు పెట్టి దానినే చూడండి. వెనుకనున్న గోడ మసకబారుతుంది. ఇప్పుడు దూరానున్న కొండను చూడండి. కొండా, దాని ముందరి చెట్లూ కూడా స్పష్టంగానే ఉంటాయి. కెమెరా కటకం తీరూ ఇంతే. దగ్గరి వస్తువును ఫోటో తీస్తే దాని ముందూ వెనుకా మసకబారతాయి. దూరపు దృశ్యమైతే అంతా తేటగా వస్తుంది.

ఇది మనకు చిన్ననాటి నుంచీ అలవాటే. అందుచేత ముందూ వెనుకా మసకగా ఉంటే, ఆ వస్తువు దగ్గరే ఉన్నదని మనసు అనుకుంటుంది. అంత దగ్గర ఉండి ఊరంతా కంటికి ఆనితే, అది బొమ్మే కావాలి గదా!

సింహాచలం ఘాట్ రోడ్డు మీద, వాహనాలు రాని చోట, పెద్దవాళ్లతో నిలబడి, కొండ దిగువనున్న ఇళ్లనూ రోడ్డునూ ఫోటో తీయండి. కొలువును మనం పైనుంచే చూస్తాం. ఫోటో కూడా పైనుంచే ఉండాలి. తరవాత కంప్యూటరులో, ఉచితంగా దొరికే ‘గింప్’ వంటి ప్రోగ్రాముతో ఇలా చేయండి:

1. ఫోటోకు నకలు తీసి, అసలుదాని మీద పొరగా పెట్టండి.

2. పై పొరను ‘గాసియన్ బ్లర్’తో మసక చేయండి.

3. ఆ పొరకు తెల్లని మాస్క్ తగిలించి, దాని మీద అడ్డంగా నల్లని పట్టీ పూయండి. నలుపు పడినచోట అడుగునున్న తేట ఫోటో బయటపడుతుంది. పట్టీ అంచులు మెత్తగా ఉండాలి. మసక కొంచెం కొంచెంగా పెరగాలి గాని, గీత గీసినట్టు ఉండరాదు.

4. రంగులు కాస్త పెంచండి. ఏటికొప్పాక లక్కబొమ్మల నిగనిగ గుర్తుంది గదా!

ఒక జాగ్రత్త. పొడుగాటి కొబ్బరిచెట్టు మొదలు పట్టీలోనూ, తల మసకలోనూ పడితే గుట్టు బయటపడుతుంది. చెట్టు తలా, మొదలూ ఇంచుమించు ఒకే దూరాన ఉన్నవే కాబట్టి ఆ చెట్టును తల దాకా తేటగా ఉంచాలి.

కంప్యూటరు లేకుండా, కటకాన్ని వంచి కూడా ఇటువంటి ఫోటో తీస్తారు. ఆస్ట్రియా సైనికాధికారి థియోడోర్ షైంప్‌ఫ్లుగ్ ఆకాశం నుంచి తీసిన ఫోటోల వంకరలు సరిదిద్దే పద్ధతికి 1904లో పేటెంటు పొందాడు. కటకాన్ని వంచితే ఏ భాగం తేటగా పడుతుందో చెప్పే సూత్రం ఈనాటికీ ఆయన పేరుతోనే ఉంది.

చూశారా, మనం ఒక్క ఇల్లు చేర్చలేదు, ఒక్క ఇల్లు తీసివేయలేదు. అయినా కన్ను మోసపోయింది! అందుచేత అసలు ఫోటోను భద్రంగా ఉంచి, రెండోదాని కింద ‘మార్చిన చిత్రం’ అని రాయండి. ఇతరుల ఫోటో ఏదైనా వింతగా కనిపిస్తే, నమ్మేముందు దాని అసలును అడగండి.